మా తమ్ముడు చెరిపేసిన కోడ్

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. అననివ్వండి. పద్దెనిమిది మంది పిల్లల్ని వెనకాల కూర్చోబెట్టుకుని స్కూల్ వ్యాన్ తోలేదానికి కోపం లేకపోతే ఎట్లా కుదురుతుంది?

పోయిన సోమవారం వానలో సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి వ్యాన్ అడ్డంగా జారింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వెనక పిల్లలంతా కెవ్వుమన్నారు. అంతకు రెండు రోజుల ముందు నుంచే మీటర్ల పక్కన పసుపు లైటు వెలుగుతోంది. గుండ్రటి గీతల మధ్య ఏబీఎస్ అని ఉంటుంది చూడండి, అది. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే పరికరం పడకేసిందని అర్థం. స్కూల్లో ట్రాన్స్‌పోర్ట్ సారుకి చెప్తే, "పసుపే కదమ్మా, ఎరుపు కాదుగా" అన్నాడు. ట్రాఫిక్ సిగ్నల్ అనుకున్నాడు మహానుభావుడు!

జారాక మాత్రం నేను ఊరుకోలేదు. బండి షెడ్డుకి పోవాల్సిందేనని ఆఫీసులో టేబుల్ గుద్ది మరీ చెప్పాను. ఆ షెడ్డులో కంప్యూటర్ పెట్టి బళ్ల జబ్బులు కనిపెట్టేది ఎవరో కాదు, మా తమ్ముడే. నా తర్వాత ఆరేళ్లకి పుట్టాడు. వాణ్ణి చంకనేసుకుని తిరిగి తిరిగి నా నడుం వంగిపోయింది.

ఈ కోడ్ల సంగతి నాకు నేర్పింది కూడా వాడే. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది, దాంట్లో స్కానర్ గుచ్చితే బండి తన బాధ కోడ్ రూపంలో చెప్పుకుంటుంది. పి అక్షరంతో మొదలైతే ఇంజిన్ గోల, సి అయితే బ్రేకులు, స్టీరింగ్ వగైరా. వాళ్ల షెడ్డులో పాతబడిన స్కానర్ ఒకటి తెచ్చి నాకిచ్చాడు. సోమవారం నేనే గుచ్చి చూశాను. సి, దాని పక్కన నాలుగు అంకెలు. పెట్రోల్ బంకు చీటీ వెనక రాసుకుని, ఆ చీటీ వాడి చేతిలోనే పెట్టాను.

బుధవారం సాయంత్రం బండి ఇచ్చేశాడు. లైటు లేదు.

"అంతా అయిపోయిందక్కా, నువ్వు నిశ్చింతగా తోలుకో" అన్నాడు. నమ్మాను. సొంత తమ్ముణ్ణి కూడా అనుమానించే రకాన్ని కాదు నేను.

మర్నాడు పొద్దున మూడో స్టాపు దాటగానే పసుపు లైటు మళ్లీ వెలిగింది. ఏ వైరో వదులై ఉంటుందిలే, పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు అనుకున్నాను. చూశారా, అప్పుడు కూడా వాడి తరఫునే మాట్లాడుకున్నాను!

నాలుగో స్టాపు మా తమ్ముడు వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు. పిల్లలు ఎక్కుతున్నారు. మా మేనకోడలు మాత్రం లేదు, మా మరదలు ఒక్కతే వచ్చింది.

"పాపని ఆయన బైక్ మీద దింపుతారట వదినా. పది రోజుల దాకా వ్యాన్ వద్దన్నారు. ఎందుకంటే చెప్పరు."

పది రోజులా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంజిన్ ఆపి, తాళం ఒక్క మెట్టు తిప్పి స్కానర్ గుచ్చాను. అదే సి, అవే నాలుగు అంకెలు. కింద ఇంకో వరుసలో, కోడ్లు చెరిపాక తిరిగిన దూరం పదకొండు కిలోమీటర్లు అని చూపించింది. నిన్న షెడ్డులోంచి తెచ్చినప్పట్నుంచి ఇక్కడి దాకా బండి తిరిగింది అంతే. వాడు బాగుచేసిందేమీ లేదు. కోడ్ చెరిపేసి, లైటు ఆర్పి నా మొహాన కొట్టాడంతే.

అప్పుడే హెల్మెట్ పట్టుకుని, కూతురి వేలు పట్టుకుని గేట్లోంచి వచ్చాడు.

"ఒరేయ్, ఇటు రా!" అని అరిచాను. అక్కడున్న తల్లిదండ్రులంతా ఇటు తిరిగారు. తిరగనివ్వండి. "ఏం బాగుచేశావురా దీన్ని?"

"అక్కా, మెల్లగా మాట్లాడు."

"మాట్లాడను. ఏం చేశావో చెప్పు!"

"పార్ట్ రావడానికి పది రోజులు పడుతుందక్కా. వేరే వ్యాన్ లేదు, అప్పటిదాకా లైటు ఆర్పి పంపెయ్యమని మీ సారే మా ఓనర్‌కి ఫోన్ చేశాడు. అన్ని షెడ్లలో చేసేదే ఇది. మెల్లగా తోలితే ఏమీ కాదు."

"నాకొక మాట చెప్పడానికి నీ నోరు పడిపోయిందా?"

"చెప్తే నువ్వు తోలనంటావు. గొడవ చేస్తావు. అప్పుడు నా ఉద్యోగం ఊడుతుంది."

"మెల్లగా తోలితే ఏమీ కాదన్నావుగా? సరే. మెల్లగానే తోల్తాను. నీ కూతుర్ని తెచ్చి ఈ సీట్లో కూర్చోబెట్టు."

వాడు కదల్లేదు. కానీ పిల్లకి ఇవన్నీ ఏం తెలుసు? "అత్తా, కిటికీ పక్కన నేను!" అంటూ వేలు విడిపించుకుని పరిగెత్తుకొచ్చి మెట్టు మీద కాలు పెట్టింది. వాడు ఒక్క ఉరుకున వచ్చి రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. ఎంత గట్టిగా లాగాడంటే పిల్ల ఏడ్చేసింది.

రెండో క్లాసు బాబు వాళ్లమ్మ మా తమ్ముణ్ణి దాటుకుని వచ్చి, వ్యాన్ ఎక్కి కొడుకుని దించుకుంది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత అందరూ. ముందు స్టాపుల్లో ఎక్కిన వాళ్ల ఇళ్లకి ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేదాకా పిల్లల్ని గేటు లోపల కూర్చోబెట్టాను. సారు ఫోన్ నాలుగుసార్లు మోగింది, ఎత్తలేదు.

మా తమ్ముడు అక్కడే నిలబడి, "తప్పైపోయిందక్కా" అన్నాడు. ఎవరి పిల్లలో అనుకుని ఊరుకున్నాడు, అది ఒక తప్పు. కానీ నా కడుపు మండుతున్నది ఇంకొకందుకు. కూతుర్ని తప్పించాలని రాత్రే ఆలోచించి పెట్టుకున్నాడు వాడు. ఆ వ్యాన్ తోలేది నేనని కూడా వాడికి తెలుసు.