ఎత్తిన చెయ్యి

రాజమల్లు కుడిచెయ్యికి ఏ జబ్బూ లేదని డాక్టర్లు తేల్చేశారు. ఎముక బాగుంది, నరం బాగుంది. అయినా కొడుకు సంపత్ పోయిన రోజు నుంచి ఆ చెయ్యి ఒళ్లోంచి లేవడం లేదు, నోట్లోంచి మాట రావడం లేదు. భార్య సారక్క పసిపిల్లాడికి పెట్టినట్టు ముద్దలు పెడుతోంది. ఈమధ్య మింగడం కూడా తగ్గిపోయింది. ఇలాగైతే మనిషి దక్కడని ఆమెకు తెలుసు.

సూరత్‌లోని ఖటోదరాలో తండ్రీకొడుకులు ఒకే మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్లు. ఆ మోతలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకే అరచెయ్యి పైకెత్తితే ‘ఆపు’ అని లెక్క. సంపత్ మెడలో తువ్వాలు మగ్గం బెల్టులో చిక్కుకున్నప్పుడు రాజమల్లు చెయ్యెత్తాడు. స్విచ్చు దగ్గరున్నవాడు ఫోన్‌లో తల దూర్చి కూర్చున్నాడు. పాపిష్టి ఫోను! మగ్గం ఆగేసరికి పిల్లాడు లేడు.

ఓ గురువారం హారతి అనే అమ్మాయి, రాజమల్లు ఉన్న ఆసుపత్రి వార్డులోకి ఓ పెద్ద కుక్కను తీసుకొచ్చింది. దిగులు పట్టిన రోగుల దగ్గర దాన్ని కాసేపు ఉంచుతారట. సారక్కకు ఒళ్లు మండింది.

"మందులు అయిపోయినయా బిడ్డా, కుక్కను దెచ్చిన్రు?"

సూరత్‌లోనే పుట్టి పెరిగిన ఆ తెలుగు పిల్ల నవ్వింది. "మోతీ బహుత్ శాంత్ ఉంటది అత్తా, ఎవ్వరినేమనది. జర చూడు."

కాస్త దూరం నుంచి దాన్ని పిలిచి, అరచెయ్యి పైకెత్తింది. వస్తున్న కుక్క ఉన్నచోటే ఆగింది.

రాజమల్లు తల తిప్పాడు. హారతి మళ్లీ పిలిచి, మళ్లీ చెయ్యెత్తింది. మోతీ మళ్లీ ఆగింది. సారక్క చూస్తుండగానే ఆయన కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది. భుజం దాటింది. ఆయన వైపుగా వస్తున్న మోతీ టక్కున ఆగి ముఖంలోకి చూసింది.

"ఆగింది," అన్నాడు రాజమల్లు బొంగురు గొంతుతో. "ఆ దినం గూడ గిట్లనే ఎత్తిన సారక్కా. ఎవ్వడు సూడలే."

చెయ్యి మాత్రం దించలేదు. సారక్క పట్టుకుని లాగినా దిగలేదు.

"ఆగిందయ్యా. ఇగ దించు," అని బతిమాలింది.

మోతీయే దగ్గరికొచ్చి ఆయన మోకాలి మీద తల ఆనించింది. అప్పుడు ఆ చెయ్యి మెల్లగా దిగి దాని తల మీద వాలింది. రాజమల్లు వార్డంతా వినేలా ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తనే కలుపుకున్నాడు. మొదటి ముద్ద తీసి పళ్లెం అంచున పక్కకు పెట్టాడు. పోయినవాళ్లకు అలా పెట్టడం వాళ్లింట్లో అలవాటు. ఇన్నాళ్లూ సారక్క కొడుకు పేరున అలా ముద్ద పక్కకు పెట్టబోతే వద్దని తల అడ్డంగా తిప్పేవాడు. చెయ్యి తిరిగొచ్చిందని సంబరపడబోయిన ఆమెకు, కొడుకు ఆ పూటే పోయినట్టయింది.