నాలుగో డబ్బా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, బాబాయి, నానమ్మ, అమ్మ, నేను. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు: వీడియోలు తీసి తన ఛానెల్లో పెట్టుకునే ఒకాయన, కారు కొనుక్కోబోయే నర్సమ్మ. నానమ్మను అడిగితే ఈ లెక్క వేరేగా చెబుతుంది. గుమ్మం దగ్గర ఎవరు పిలిచినా "ఉన్నారు, అన్నదమ్ములిద్దరూ ఇంట్లోనే ఉన్నారు, రండి" అంటుంది. అప్పుడు అమ్మా నేనూ ఆమె ఎదురుగానే ఉంటాం. చీపురు కూడా ఎదురుగానే ఉంటుంది.

పొద్దున్నుంచి టీ గ్లాసులు కడగడం అది నాలుగోసారి. షెడ్డు నుంచి వచ్చే గ్లాసులంటే నాకు అసహ్యం. అడుగున మిగిలిన టీలో సిగరెట్ పీకలు నాని, ఉబ్బి ఉంటాయి. వేలు పెట్టగానే విచ్చుకుపోతాయి.  పీకలు వేసుకోవడానికి షెడ్డులో ఒక రేకు డబ్బా ఉంది. నాలుగు అడుగుల దూరం. ఆ నాలుగు అడుగులు వేయడం కంటే వాళ్ళకి నా వేళ్ళు సులువు. ఒకసారి అమ్మతో అంటే, "ముక్కు మూసుకుని కడిగెయ్, చూడకు" అంది. అమ్మ చాలా పనులు అలాగే చేస్తుందని అప్పుడు తెలిసింది.

మా ఇల్లూ షెడ్డూ ఆనుకునే ఉంటాయి. మధ్యలో వంటగది తలుపు. ఇవతల గిన్నెలు, అవతల కార్లు. అన్నీ బ్యాటరీ కార్లే. గుద్దుకున్నవి, మునిగినవి, కంపెనీ వాళ్ళు ఇక పనికిరావని రాసిచ్చేసినవి. నాన్న వాటిని తెచ్చి మళ్ళీ నడిచేలా చేస్తాడు. ఊళ్ళో అందరూ అలాగే చెప్పుకుంటారు.

ఈసారి తెచ్చింది వరదలో మునిగిన కారు. తలుపు తీయగానే పులిసిన పాల వాసన, తడికుక్క వాసన కలిసి మొహం మీద కొట్టింది. సీట్ల కింద బురద, బూజు, ఉబ్బిపోయిన బిస్కెట్ పొట్లం, ఎవరో చంటిపిల్ల సాక్సు ఒకటి. బాబాయి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "వదినా, ఇది నీ డిపార్ట్‌మెంటు" అని నవ్వి వెళ్ళిపోయాడు. లోపలి చాపలన్నీ పీకి, స్నానాల గదిలో పరిచి, అమ్మా నేనూ ఆరుసార్లు తొక్కి, చేతులతో రుద్ది ఉతికాం. చేతుల తోలు ఊడింది. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే వేళ్ళలోంచి అదే వాసన. నానమ్మ కంచం కాస్త దూరం జరుపుకుని, "మీ ఇద్దరూ తర్వాత తినండమ్మా" అంది.

కంపెనీ వాళ్ళ ఉత్తరం ఒకటి షెడ్డు గోడకి అంటించి ఉంటుంది. బ్యాటరీ లోపలి వివరాలు ఇవ్వమని నాన్న రాస్తే వచ్చిన జవాబు. వివరాలు ఇవ్వరు, విడిభాగాలు అమ్మరు, మూత తెరవకూడదు; ఇదంతా మన క్షేమం కోసమే. వచ్చినవాళ్ళందరికీ నాన్న దాన్ని గొంతు మార్చి చదివి వినిపిస్తాడు. "మీ క్షేమం కోసమేనట! నా క్షేమం నాకు తెలీదంటయ్యా!" అందరూ పడీపడీ నవ్వుతారు. అదే నాన్న, షెడ్డులోకి ఎవరైనా వస్తున్నారంటే అమ్మతో మెల్లగా అంటాడు: "నీ మంచికే చెబుతున్నా. పదిమంది ముందు ఆ పరికరాలు ముట్టుకోకు. ఏదైనా అయితే మాట నాకొస్తుంది."

పెళ్ళికి ముందు అమ్మ ఫ్యాను మోటార్లకి రాగితీగ చుట్టే దుకాణంలో పనిచేసింది. నాన్నకి తీగ చుట్టడం నేర్పింది అమ్మే. ఈ కారు బ్యాటరీ మూత జిగురుతో బిగించేసి ఉంటే, బాబాయి సుత్తి తెచ్చాడు. అమ్మ ఆపింది. సన్నటి ఉక్కు తీగకి రెండు వైపులా చెక్క పిడులు కట్టి, సబ్బు కోసినట్టు జిగురుని కోసింది. లోపల పన్నెండు డబ్బాలు, డబ్బాకి ఎనిమిది సెల్లులు. ప్రతి సెల్లునీ కొలవాలి. అమ్మ మీటరు పెడుతుంది, అంకె చెబుతుంది, నేను నా నోటుబుక్కులో గీతలు గీసుకుని రాస్తాను. స్కూల్లో నోట్లో నాలుక లేని పిల్ల అంటారు నన్ను. జవాబు తెలిసినా లేచి చెప్పలేను. ఆ షెడ్డులో మాత్రం మాట్లాడకపోవడమే మంచిది. అంకె వినిపించాలి కదా.

కొలవడానికి అమ్మకి ఒక పద్ధతి ఉంది. సెల్లుల్ని నిండా ఛార్జి చేసి, తీగలు పీకేసి, మూడు రోజులు వదిలేయాలి. పైన పాత దుప్పటి కప్పి, ఎవరినీ ముట్టుకోనివ్వదు. "ఛార్జి పెట్టిన వెంటనే చూస్తే అన్నీ బంగారాలే. చుట్టాల ముందు కోడలు మొహం లాగ. చుట్టాలు వెళ్ళిపోయాక చూడాలి ఎవరు ఎలా ఉన్నారో" అంటుంది. మూడో రోజున దుప్పటి తీస్తే తొంభై అయిదు సెల్లులు 4.08 వోల్టుల దగ్గరే ఉన్నాయి. నాలుగో డబ్బాలో మూడోది 3.97. ఇంకో రెండు రోజులు ఆగితే 3.91. అమ్మ మీటరు కింద పెట్టింది. "దీని లోపల ఎక్కడో కారిపోతోంది. నీళ్ళు తాగింది. ఎక్కించి ఛార్జి పెడితే వేడెక్కుతుంది. ఇది పెట్టొద్దు."

గుద్దుకున్న ఇంకో కారులోంచి తీసిన మంచి డబ్బా మూలన గోనెపట్టా కింద ఉంది. నాలుగోది తీసి అది పెట్టమని నాన్నకి చెప్పింది. దాన్ని కూడా ఛార్జి చేసి మూడు రోజులు చూడాలని చెప్పింది. నాన్న చెవిలో వేలు తిప్పుకుంటూ విన్నాడు. "కంపెనీ వాడూ ఆగు ఆగు అంటాడు. ఇంట్లో నువ్వొకదానివి." మళ్ళీ అడిగితే, వారం తర్వాత, "మార్చేశాంలే, పో" అన్నాడు. నా నోటుబుక్కు కూడా అడిగాడు, వీడియోలో చూపించాలని. పేజీలు ఎక్కువ నింపినందుకు ఎవరో మొదటిసారి మెచ్చుకున్నట్టు అనిపించి, నేనే తెచ్చి ఇచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

ఆ రోజు నాన్న అమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఛానెలాయన ఫోను కెమెరా పెట్టాక, పక్కనున్న పీపాలో వేలు ముంచి, చెంప మీద కాస్త, మోచేతి మీద కాస్త గ్రీజు రాసుకున్నాడు. తలుపు సందులోంచి చూశాను.  మా చేతుల మురికి పోవడానికి వారం పట్టింది. ఆయన మురికిని అద్దం చూసుకుని పెట్టుకుంటున్నాడు.

"చూడండి," అన్నాడు నాన్న కెమెరాతో, "కొన్నవాడికి మూత తీసి చూసుకునే హక్కు లేకపోతే, అది కొన్నట్టా, అద్దెకి తెచ్చుకున్నట్టా?"

"అదిరింది సార్. లారీ చప్పుడు పడింది, ఇంకోసారి చెప్పండి" అన్నాడు ఛానెలాయన.

నాన్న మళ్ళీ చెప్పాడు. ఆగాల్సిన చోటే ఆగి, చెయ్యి ఎత్తాల్సిన చోటే ఎత్తాడు. ఆ తర్వాత ఉక్కు తీగతో జిగురు కోయాలన్న ఆలోచన తనకెలా వచ్చిందో చెప్పాడు. స్నానం చేస్తుంటే సబ్బు చూసి వచ్చిందట. వంటగదిలో టీ కలుపుతూ అమ్మ, "సొమ్మొకడిది, సోకొకడిది" అని చెంచా గిన్నెకేసి కొట్టింది. అంతే. మొహంలో ఇంకేమీ లేదు.

నర్సమ్మ కారు చుట్టూ తిరిగి చూస్తోంది. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకి సూదులు వేసే ఆవిడ. "మా ఇంటి కింద గదిలోనే పెట్టుకుంటాను. రాత్రి ఛార్జి పెట్టేసి పైకెళ్ళి పడుకోవచ్చు కదా? పిల్లలిద్దరూ పైనే ఉంటారు, వాళ్ళకి చప్పుడవుతుందా?" అని అడిగింది.

"చప్పుడా? పిల్లి నడిచినట్టు!" అన్నాడు బాబాయి. "తొంభై ఆరు సెల్లులూ ఒకే మట్టం. మా అన్నయ్య ఒక్కొక్కటీ చేత్తో కొలిచాడు."

అప్పుడు నాన్న నా నోటుబుక్కు తెరిచి కెమెరాకి పట్టాడు. అదే సమయంలో అమ్మ ట్రేతో లోపలికి అడుగుపెట్టింది, వెనకే నేను. పేజీ నాకు తలకిందులుగా కనిపించింది. అయినా నా రాత నాకు తెలియదా? నాలుగో డబ్బా వరసలో తెల్లటి మరక. 3.91 ఉన్నచోట తెల్లరంగు పూసి, ఆరాక, పైన 4.08 అని రాసి ఉంది. ఆ ఎనిమిది కింద గుండ్రం పెద్దగా, పైది చిన్నగా. బాబాయి ఎనిమిదులు అలాగే ఉంటాయి. మూల వైపు చూశాను. గోనెపట్టా కింద మంచి డబ్బా కదలకుండా కూర్చుంది. దానిమీద దుమ్ము కూడా చెదరలేదు. బాబాయి ఏం చేశాడో అర్థమైంది. ఆ ఒక్క సెల్లుకే మళ్ళీ ఛార్జి పెట్టి, వెంటనే మీటరు పెట్టి, సరిపోయిందనుకున్నాడు. చుట్టాలు ఉండగానే కోడలి మొహం చూశాడు.

అమ్మ కూడా మూల వైపే చూస్తోంది. "నాలుగో డబ్బా మార్చలేదా?" అంది.

"ఆ ముక్క కట్ చేసెయ్ తమ్ముడూ" అన్నాడు నాన్న నవ్వుతూ. "మా ఆవిడకి భయమెక్కువ. లైటు స్విచ్చి వేయాలన్నా చెప్పులేసుకుంటుంది."

ఛానెలాయన పెద్దగా నవ్వి గ్లాసు అందుకున్నాడు. "టీ బ్రహ్మాండం అక్కా. మీలాంటి సపోర్టు ఉండబట్టే సార్ ఈ స్థాయికి వచ్చారు."

అమ్మ ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. చేతులు నిండా ఉంటే మనిషికి మాటలు ఎక్కువ రావు. నానమ్మ లోపలినుంచి "మగవాళ్ళ మాటల్లో నీకేం పనే" అని కేకేసింది. బాబాయి తాళం నర్సమ్మ చేతిలో పెడుతున్నాడు. "కూర్చోండమ్మా, ఒక రౌండు వేసి, అటునుంచటే ఇంటికి తోలుకుపోండి." ఆ తాళం ఆవిడ చేతిలో పడటం చూశాను. ఆ సాక్సు గుర్తొచ్చింది. అంత చిన్న కాలు.

  నా కాళ్ళు కదిలాయి. కారు వెనక తలుపు తెరిచే ఉంది. లోపలికి వంగి వెనక సీటు పైకెత్తాను. దాని కింద నారింజ రంగు ప్లగ్గు ఒకటి ఉంటుంది. అది పీకితే బ్యాటరీ రెండు భాగాలుగా విడిపోయి కరెంటు ఆగిపోతుంది, ఇక కారు కదలదు. పని మొదలుపెట్టేటప్పుడు అమ్మ ప్రతిసారీ దాన్నే ముందు తీసేది. గొళ్ళెం తప్పించి రెండు చేతులతో లాగాను. వచ్చేసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావే!" బాబాయి అరిచాడు.

ప్లగ్గు గుండెలకి హత్తుకుని బయటికొచ్చాను. నర్సమ్మ కళ్ళలోకి చూడలేక ఆవిడ చెప్పుల వైపు చూస్తూ అన్నాను. "ఆ అంకె నేను రాసింది కాదు."

ఛానెలాయన ఫోను మీద ఎర్ర చుక్క ఇంకా మెరుస్తోంది, వీడియో నడుస్తూనే ఉంది.

"ఏ అంకె అమ్మా?" అంది నర్సమ్మ.

"నాలుగో డబ్బాలో మూడోది. నేను 3.91 అని రాశాను. తెల్లరంగు పూశారు. గోకితే కింద ఉంటుంది."

నాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పళ్ళు కనిపిస్తున్నాయి, నవ్వు లేదు. "చిన్నపిల్ల. దానికేం తెలుసు? ఏదో ఎక్కాల పుస్తకం అనుకుంటోంది."

నర్సమ్మ నోటుబుక్కు తీసుకుంది. గోటితో గీరింది. తెల్లటి పొర పొట్టులా రాలింది. కింద నా తొమ్మిది కనిపించింది. "ఇవి కొలిచింది ఎవరు?" అని అడిగింది.

నాన్న అమ్మ వైపు తిరిగాడు. "చెప్పు, నువ్వే చెప్పు. ఎవరు కొలిచారు?" ఆ గొంతు నాకు తెలుసు. అన్నంలో రాయి వచ్చినప్పటి గొంతు.

 నేను అమ్మని చూశాను, అమ్మ ట్రేని చూసింది. అమ్మ ఇప్పుడు ముక్కు మూసుకుంటుందని, కళ్ళు తిప్పుకుంటుందని అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నాన్న మీద కంటే అమ్మ మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

అమ్మ ట్రేని కారు బానెట్ మీద పెట్టింది. గ్లాసులు జారి ఒకటి పడి పగిలింది. ఎవరూ వంగలేదు. అమ్మ కూడా వంగలేదు.

"నేనే కొలిచాను" అంది. "మూడోరోజు ఒకసారి, అయిదోరోజు ఒకసారి. మూత తీసిందీ నేనే. ఈ కారు ఇవాళ మీ ఇంటికి తీసుకెళ్ళొద్దమ్మా. పైన పిల్లలు పడుకుంటారన్నారు కదా."

నర్సమ్మ తాళం బాబాయి చేతిలో పెట్టలేదు, కారు మీదా పెట్టలేదు. నోటుబుక్కు అమ్మ వైపు తిప్పింది. "నాకు మొదటి పేజీ నుంచి చెప్పండి" అంది.

"ముందు మీ ఇద్దరూ లోపలికి నడవండి!" నాన్న నా జబ్బ పట్టుకున్నాడు. గ్రీజు నా చేతికి అంటుకుంది. గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, వెనక్కి తిరిగి, "నీకు వేరే చెప్పాలా? రా!" అన్నాడు అమ్మతో.

అమ్మ మీటరు చేతిలోకి తీసుకుని, దాని తీగల చిక్కు విప్పుకుంటోంది. "నేను రాను" అంది తలెత్తకుండా. "ఆవిడకి చూపించాలి."

నాన్న ఒక్క నిమిషం అటూ ఇటూ చూశాడు. అమ్మని ఏమీ అనలేకపోయాడు, నర్సమ్మ చూస్తోంది. ప్లగ్గు ఇంకా నా చేతిలోనే ఉందన్న సంగతి ఆయన మర్చిపోయాడు. నన్ను వంటగదిలోకి తోసి, నా మొహం మీదే తలుపు వేశాడు.