పాత జ్వరం ఎరిగిన ఎలుకలు

సోమవారం సమావేశం చివర డాక్టర్ కేదార్ ఎప్పటిలాగే అడిగాడు: "ఎవరికైనా సందేహాలున్నాయా?"

ఎవరికీ లేవు. సనత్‌నగర్‌లోని ఆ చిన్న పరిశోధనా సంస్థలో ఎవరికీ ఎప్పుడూ సందేహాలుండవు. అందరూ టీ కప్పులు పట్టుకుని చిరునవ్వులతో లేచారు. చూడముచ్చటైన ఈ దృశ్యం మన ఆఫీసుల్లో, బడుల్లో, చాలా ఇళ్లలో రోజూ కనిపించేదే. దానికి మనం పెట్టుకున్న పేరు క్రమశిక్షణ. అది నిజంగా ఏమిటో పాఠకులు ఒకసారి దగ్గరగా చూడాలి.

మానస మాత్రం లేవలేదు. ఆ సంస్థలో ఎలుకల మీద టీకా పరీక్షలు చేసే శాస్త్రవేత్త ఆమె.

"ఏంటి మానసా, ఇంకా కూర్చున్నావు?"

"సార్, పాత జ్వరం తగిలిన ఎలుకల్లో... టీకా వేసినవే ఎక్కువ చనిపోయాయి. వెయ్యనివి చాలావరకు బతికాయి."

"అవి శుభ్రమైన జంతువులు కావమ్మా. వాటిని పక్కన పెడదాం. రేపు పంజాగుట్టలో టీకాకు అనుమతిచ్చే కమిటీకి శుభ్రమైనవే చూపిద్దాం. నువ్వొచ్చి నా పక్కన కూర్చో, చాలు."

ఆ టీకా దోమకాటుతో వచ్చే ఒక జ్వరానికి. ఆ జ్వరం రెండు రకాలు. పాతది బస్తీల్లో దాదాపు అందరికీ ఎప్పుడో వచ్చి తగ్గిపోయింది. కొత్తది ప్రాణాంతకం, టీకా దానికోసమే. ఏ జబ్బూ ఎరగకుండా శుభ్రమైన గదుల్లో పెరిగిన ఎలుకలకు టీకా వేస్తే మంచి యాంటీబాడీలు పుట్టాయి. పాత జ్వరం ఎరిగిన ఎలుకల సంగతి వేరు. వాటిలో జ్ఞాపక కణాలుంటాయి. ఒకసారి చూసిన శత్రువు ముఖాన్ని మరిచిపోకుండా కాచుకుని ఉండే కణాలవి. టీకా లోపలికి రాగానే, కాస్త పోలిక కనిపించేసరికి, అవే ముందు పరుగెత్తాయి. పాత జ్వరానికి చేసిన యాంటీబాడీలనే మళ్లీ కుప్పలుగా చేశాయి. కొత్త కణాలకు నేర్చుకునే అవకాశమే దొరకలేదు. పరీక్ష కోసం తరువాత కొత్త వైరస్‌ను ఎక్కిస్తే, ఆ పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకున్నాయే గాని ఆపలేకపోయాయి. పైపెచ్చు దాన్ని శరీర కణాల లోపలికి చేరవేశాయి.

కమిటీ ఒప్పుకుంటే ఈ టీకా మొదట వేసేది బస్తీ పిల్లలకు. వాళ్లలో ఏ జబ్బూ ఎరగని పిల్లలు ఎక్కడున్నారు?

ఆ మాటే అనాలని మానస నోరు తెరిచింది. గొంతులో ఏదో బిగుసుకుంది. "సరే సార్" అంది.

బయట వరండాలో ఆమె సహోద్యోగి మంజూష మోచేత్తో పొడిచింది. "ఎలుకలకు సంతాప సభ పెడ్తవా ఏంది? జర నవ్వవే, సార్ చూస్తుండు."

మానస నవ్వింది.

ఆ గొంతు బిగుసుకోవడం ఇప్పటిది కాదు. ఆమె చిన్న పిల్లగా ఉన్నప్పుడు తండ్రి రాజనర్సయ్య ఇదే సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ మీద పనిచేసేవాడు. ఒకరోజు చెయ్యి మిషన్ కింద నలిగింది. ఫ్యాక్టరీ సేటు ఇంటికి చూడవచ్చాడు. "నాదే తప్పు సేటూ, పరాకుగున్న" అన్నాడు రాజనర్సయ్య. మంచం పక్కన నిలబడ్డ పిల్ల వెంటనే, "కాదు నాయినా, మిషన్‌కు అడ్డం రేకు లేకుండె, నువ్వే చెప్పినవ్ గద" అంది. రాజనర్సయ్య బాగున్న చేత్తో ఆ పిల్లను చెంపమీద కొట్టాడు. సేటు చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు.

నొప్పి ఆ పూటకే పోయింది. అది నేర్పింది మాత్రం మిగిలింది. తరువాత టీచర్లు వచ్చారు, హాస్టల్ వార్డెన్ వచ్చింది, పరిశోధన చేయించిన గైడు వచ్చాడు, కేదార్ వచ్చాడు. మనుషులు వేరు, సందర్భాలు వేరు. పెద్ద కుర్చీలో ఒక ముఖం కనిపించగానే ఆమె లోపల ముందుగా పరుగెత్తుకొచ్చేది మాత్రం ఆ మంచం పక్క చెంపదెబ్బ తిన్న పిల్లే.

మర్నాడు పంజాగుట్టలో కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు ప్రొఫెసర్ స్వరాజ్యం, పదవీ విరమణ చేసిన పెద్దావిడ. కేదార్ చెప్పిందంతా విని, "పాత జ్వరం వచ్చి తగ్గిన జంతువుల్లో చూశారా?" అని అడిగింది.

కేదార్ తడబడలేదు. "మానస చూసింది మేడమ్. ఏంటమ్మా, ఏమైనా తేడా ఉందా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. పంజరాల్లో బిగుసుకుపోయిన ఎలుకలు ఆమె కళ్లముందే ఉన్నాయి. మాట నాలుక చివరికి వచ్చింది. అప్పుడు ఆమెకు తన గొంతే పక్కగదిలోంచి వచ్చినట్టు వినిపించింది: "తేడా ఏం లేదు సార్."

ఆమె ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. మెట్రోలో అమీర్‌పేట దాకా జనం మధ్య ఇరుక్కుని నిలబడింది. చుట్టూ కోచింగ్ క్లాసులకు పోయే పిల్లలు భుజాలకు బ్యాగులతో నవ్వుకుంటున్నారు. ఇన్నేళ్లు చదివిన చదువు, రాసిన వ్యాసాలు, ఇవన్నీ ఏమయ్యాయి? కొత్త ప్రశ్న అడిగారు, ఒంట్లోంచి పాత జవాబే వచ్చింది. ఎలుకల్లో అంత స్పష్టంగా చూసినదాన్ని తనలో ఇన్నాళ్లూ చూసుకోలేదు. అమీర్‌పేటలో రైలు దిగింది. రైలు వెళ్లిపోయాక ఎదురుగా ఉన్న పట్టాల వైపు చాలాసేపు చూసి, ఆ చూపుకు తానే భయపడి, గోడ వైపు జరిగి నిలబడింది.

ఇంట్లో రాజనర్సయ్య టీవీ చూస్తున్నాడు.

"ఏమైంది బిడ్డా, మొఖం గట్లున్నది?"

"కమిటీల మేడం మా మందు గురించి అడిగింది నాయినా. తేడా ఏం లేదన్న."

"మంచిగన్నవ్. పెద్దోళ్ల లొల్లి మనకెందుకు? నౌకరి సల్లగుంటే సాలు."

మానస నవ్వింది. ఆ నవ్వు విని తండ్రి భయపడ్డాడు.

"గా మందు ఎవలకేస్తరో ఎర్కేనా? మన గల్లీ ఎనుక బస్తీల పిల్లలకు."

"ఏస్తే?"

"కొందరు సస్తరు."

"నీకెట్ల ఎర్క?"

"నా ఎలుకలు సచ్చినయ్ గద."

రాజనర్సయ్య టీవీ ఆపేశాడు. "మరి ఎందుకు సెప్పలేదే?"

మానస తండ్రినే చూస్తూ కూర్చుంది. ఆ చూపు అతన్ని ఎక్కడికి తీసుకెళ్లిందో గాని, ముసలాయన ముఖం ఒక్కసారిగా రంగు మారింది. ఒకనాడు ఆ చెంపమీద పడ్డ తన చేతిని చూసుకున్నాడు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"నడువ్. గా మేడం యాడుంటది?"

సాయంత్రం ఫ్లైఓవర్ మీద వాహనాలు కదలకపోతే ఆటో దిగి నడిచారు. స్వరాజ్యం తాను దిగిన గెస్ట్‌హౌస్‌లో ప్రయాణానికి సామాను సర్దుకుంటోంది. వాళ్లను చూసి కుర్చీలు చూపించింది. మానస కూర్చుంది. పెదవులు కదిలి ఆగిపోయాయి.

"అమ్మా, నా బిడ్డ..." అని రాజనర్సయ్య అందుకోబోయాడు.

"మీరొద్దండీ. ఆమెనే చెప్పనివ్వండి."

స్వరాజ్యం గడియారం చూసుకోలేదు, తొందరపెట్టలేదు, ధైర్యమూ చెప్పలేదు. ఊరికే ఎదురుచూసింది. మానస కోసం అలా ఎదురుచూసిన మనిషి ఇంతవరకూ లేరు. చివరికి మాట వచ్చింది, ముక్కలు ముక్కలుగా, ఏడుపుతో కలిసి.

"రేపు కమిటీని మళ్లీ కూర్చోబెడతాను. కేదార్ ఎదుట ఇదే చెప్పాలి" అంది స్వరాజ్యం.

"నా గొంతు మళ్లీ మూసుకుపోతది మేడమ్."

"పోతుంది. నువ్వు చదివిన శాస్త్రమే కదమ్మా. పాత జ్ఞాపకాన్ని చెరపలేం. కానీ కొత్తదాన్ని మళ్లీ మళ్లీ ఎదుర్కొంటే కొత్త కణాలు కూడా నేర్చుకుంటాయి. ఇవాళ మొదటి డోసు, అంతే. ఉద్యోగం మాత్రం నేను కాపాడలేను."

మర్నాడు మానస చెప్పింది. గొంతు రెండుసార్లు ఆగింది. ఆమెకు ఒంట్లో బాగాలేదన్నాడు కేదార్. ఆమె ఆగిన చోటినుంచి మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. టీకా ఆగింది. ఆ వారమే ఆమె ఉద్యోగం పోయింది. ఇప్పటికీ ఇంటర్వ్యూ గదుల్లో ఆమె అరచేతులు చెమరుస్తూనే ఉంటాయి. ఆ భయం ఆమెను పూర్తిగా వదిలిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పెద్దలారా, నిజం చెప్పిన పిల్లను కొట్టకండి. ఆ దెబ్బ ఏళ్ల తరువాత వెళ్లి ఎవరి పిల్లలకు తగులుతుందో మీకు తెలియదు.