ఎరుపు కనబడని పలక

మా ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు హన్మంత రెడ్డి నాకు చేసిన అన్యాయం ఎవరు అడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళకు భయపడి హైదరాబాదులో దాక్కున్న మనిషి, పోలీసు యాక్షన్ అయ్యాక మిలిటరీ లారీ ముందు సీట్లో కూర్చుని ఇబ్రహీంపట్నం తిరిగొచ్చాడు. వచ్చిన నాటి నుంచి, మంచాల ఊరికి పోయే బాట పక్కన గట్టు మీదున్న నా కందిచేను మీదే అతని కన్ను. దానికి మూడు పక్కలా అతని భూమే.

ఆ చలికాలం మత్తయి వచ్చాడు. మిషన్ బడిలో ఇద్దరం కలిసి చదివాం. నేను నాలుగుతో ఆగిపోయాను, వాడు పైకి చదివి హైదరాబాదులో ఫోటోల దుకాణం పెట్టాడు. కెమెరా, దుర్భిణి, పెట్టెనిండా ఫోటో పడే అద్దపు పలకలు మోసుకొచ్చి, అక్కడి దీపాల వెలుగులో ఆకాశం సరిగ్గా కనబడదని, ఒక్క రాత్రికి నా చేను కావాలని అడిగాడు. నడినెత్తిన బొటనవేలి గోరంత మసకను చూపించి, అది మన పాలపుంతకు పొరుగున ఉన్న ఇంకో పాలపుంత అన్నాడు. సుడి తిరిగి ఉంటుందట. అందులో నీలి చుక్కలు, ఎర్రటి మబ్బులు ఉంటాయట.

నా భార్య ఈదమ్మ వద్దని మొత్తుకుంది. చీకట్లో చేలో మనిషి కనబడితే మిలిటరీ పట్టుకుపోతున్న రోజులవి. ఎదురింటి గోపయ్య అట్లా పోయినవాడు ఇంకా రాలేదు. అయినా మత్తయికి కాదని చెప్పలేకపోయాను.

చీకటి పడగానే మొదలుపెట్టాడు. కెమెరాను దుర్భిణికి బిగించి, దుర్భిణి లోపలి సన్నని తీగ మీద ఒక చుక్కను నిలిపి, అది పక్కకు జరగకుండా చిన్న మర తిప్పుతూ గంటసేపు వంగే ఉన్నాడు. నేను బాట చూస్తూ నిలబడ్డాను. గాలికి కందికాయలు గలగలమంటే బూట్ల చప్పుడే అనిపించి అటు తిరిగి చూసేవాణ్ణి.

తర్వాత పలక మార్చాలని, కందిలి దీపానికి ఎర్ర గుడ్డ చుట్టి వెలిగించాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎర్ర గుడ్డంటే సంఘం జెండా అని పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఎర్రదెందుకుర? పచ్చ గుడ్డ కట్టు, నీకు పుణ్యముంటది."

"పచ్చది తగిలితే పలక ఖరాబైతది. దీనికి ఎరుపొక్కటే కనవడది."

"మరి గా ఎర్ర మబ్బులో?"

"అవి రావు. సుడి వస్తది, నల్ల చారలొస్తయి. మాట్లాడక జర గొంగడి పట్టు."

గొంగడి అడ్డం పట్టి కందిలిని చాటు చేశాను. గాలికి ఒక అంచు లేచింది. బాట మీద పోతున్న లారీ ఆగింది. దాని దీపాలు ఆరిపోయాయి. అది చూసి గొంగడి అంచును కిందికి అదిమిపట్టాను. కాసేపటికి చేను నాలుగు పక్కలా కంది మొక్కలు విరుగుతున్న చప్పుడు.

తుపాకులు ముందొచ్చాయి, వెనక టార్చి పట్టుకుని హన్మంత రెడ్డి. మిలిటరీ అధికారికి మత్తయి ఉర్దూలో అంతా చెప్పాడు. అతను ఓపికగా విని, ఆకాశం వైపు చూసి, సరే ఫోటో చూపించమన్నాడు. మందునీళ్ళలో కడిగితే తప్ప బొమ్మ తేలదని, అంతవరకు వెలుతురు తగలకూడదని మత్తయి చేతులు జోడించాడు. హన్మంత రెడ్డి పెట్టె గుంజుకుని, పలక తీసి టార్చి వేశాడు. పాలమీగడలా తెల్లటి పలక. దాని మీద గీత కూడా లేదు.

"ఏది బొమ్మ?" అని నన్నడిగి, అధికారి వైపు తిరిగి, వీళ్ళు గుట్టల్లో ఉన్న సంఘం వాళ్ళకు ఎర్రదీపం చూపిస్తున్నారని చెప్పాడు. మిగిలిన పలకలన్నీ అట్లాగే తీసి చూశారు. మత్తయి నేల మీద కూలబడ్డాడు.

క్యాంపులో మమ్మల్ని ఒక కొట్టంలో వేశారు. పక్క కొట్టంలో ఎవరినో కొడుతున్నారు. అతని అరుపు వింటుంటే భయమేసింది. అది ఆగిపోయాక ఇంకా భయమేసింది. తెల్లారి హన్మంత రెడ్డి కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఫికర్ చెయ్యకు దశరథా, మీ ఇద్దరికి నేను జమానతుంట, పూచీకత్తు రాసిస్త. గా గట్టు చేను నాకు రాసియ్యి. లేకుంటే గోపయ్య ఏడికి పోయిండో నువ్వు గాడికే."

మిషన్ బడిలో నేర్చిన అక్షరాలతో నా పేరు వంకరటింకరగా రాశాను. ఆ మధ్యాహ్నమే ఇద్దరినీ వదిలేశారు.

మత్తయి మళ్ళీ మా ఊరు రాలేదు. ఆకాశంలో ఆ మసక అక్కడే ఉంది. పోయింది నాదే: మూడెకరాల పద్నాలుగు గుంటలు, కోతకొచ్చిన కందితో సహా.