డాక్టరుకు ఎదురొచ్చిన పిల్లి

మా పిల్లి రెండు రోజులుగా పాలు ముట్టలేదు. ముందుకాళ్లు ఎడం చేసి, మెడ చాచి, గోడవారగా అలాగే కూర్చుంది. మూడో రోజు పొద్దున నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది.

"ఎండకు గట్ల రొప్పుతున్నది మనోరమా, కుక్క రొప్పదా?" అంది మా అత్త నాగవ్వ.

కుక్క రొప్పుతుంది. పిల్లి రొప్పదు. ఆ మాత్రం నాకు తెలుసు. మూత పెడితే ఊపిరాడదని దాన్ని ఉత్త గంపలోనే పెట్టుకుని పశువుల దవాఖానకు పరుగెత్తాను.

డెబ్బై ఎనిమిదిలో జహీరాబాద్‌లో పిల్లి ఎదురొస్తే ఇంటికి తిరిగిపోయి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవాళ్లు. నా దారంతా ఖాళీ అయిపోయింది. చిరాగ్‌పల్లికి ఉత్తరాలు తీసుకుపోతున్న ఈరయ్య సైకిలు తిప్పేశాడు.

పశువుల డాక్టరు జగన్‌మోహన్ ఇల్లు దవాఖాన ఆవరణలోనే. గడప దాటాడు, గంపను చూశాడు, లోపలికి పోయాడు. నీళ్లు తాగి వచ్చాడు. నేనింకా అక్కడే ఉన్నాను. మళ్లీ పోయాడు. మూడోసారికి ఆయన పొట్టలో నీళ్ల చప్పుడు నాకే వినిపించింది.

నాకు ఒళ్లు మండింది. "చదువుకున్నోళ్లు, మీరు గూడ నమ్ముతరా సాబ్?"

"నమ్మకం కాదమ్మా, జాగ్రత్త. జర కిటికీ కాడికి తే."

ఊచల వెనక నుంచి గడియారం చూస్తూ పిల్లి పొట్ట ఎగరడం లెక్కపెట్టాడు. "నిమిషానికి డెబ్బై! పండుకున్నప్పుడు ముప్పై దాటొద్దు. చిగుళ్లు ఏం రంగున్నయి?"

"నీలంగున్నయి."

"నోరు తెరిచినప్పుడే ఉరికి రావాలె గద! ఇంత ఆలస్యమా?"

"మీరు నీళ్లు తాగుతున్నరు గద సాబ్!"

ఆయన వెనక తలుపు తీసి, గోడ దూకి, దవాఖాన చుట్టూ తిరిగి గంప ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు నేనే దానికి ఎదురొచ్చిన. ఫికర్ లేదు," అని సూది వేశాడు. "యాడ పండుకుంటది?"

"మా మిర్చి గోదాంల."

"గా ఘాటుకే దమ్ము పట్టింది."

పిల్లి గంప దిగి, నాలుగడుగులు తూలుతూ వేసి, ఆయన గడప మీదే పడుకుంది. పోతుందేమోనని గంప పడేసి దాని ముందు కూర్చున్నాను. డాక్టరు దాని పక్కనే నేల మీద కూర్చుని లెక్కపెట్టాడు. యాభై. కాసేపటికి నలభై. ఎడ్లను తోలుకొచ్చిన రైతులు గేటు బయటే ఆగిపోయారు, ఒక్కరూ లోపలికి రాలేదు.

"ఇరవై ఎనిమిది," అన్నాడు చివరికి.

నోరు మూసుకుని నిద్రపోతోంది నా తల్లి. నేను బావురుమన్నాను.

"మెల్లగ ఏడువమ్మా," అన్నాడు డాక్టరు. "లేస్తది."