గుండుగాడి బరువూ, నా పరువూ

నేను ఒక బరువు మిషన్ని. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, పెరిగింది కాకినాడలో ఒక మందుల షాపు గుమ్మం ముందు. మనుషులు నా మీదికి ఎక్కేముందు చెప్పులు విప్పేవారు, జేబులో తాళాలు తీసేవారు, ఊపిరి బిగబట్టేవారు. ముల్లు ఆగాక, "ఇదెప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుందండీ," అని నవ్వి దిగిపోయేవారు.

షాపు ఎత్తేశాక నన్ను హైమవతి తన ఇంటికి తెచ్చుకుంది. తన కోసం కాదు, పదకొండేళ్ళ కుక్క గుండు కోసం. వాడి మూత్రాశయంలో రాళ్ళు. చుక్క చుక్కగా, మూలుగుతూ పోసుకునేవాడు. "ఇరవై నాలుగు కిలోలున్నాడు. ఈ ఒంటికి మత్తు ఇస్తే లేవడు. మూడు కిలోలు తగ్గించి తీసుకురండి, రాళ్ళు తీసేద్దాం," అన్నాడట పశువుల డాక్టరు.

గుండు నా మీద నిలబడడు. అందుకని హైమ భర్త కామేశం వాణ్ణి ఎత్తుకుని ఎక్కేవాడు. మొదటిరోజు తన బరువు డెబ్బై ఎనిమిదని క్యాలెండరు మీద రాసుకుని, ప్రతి ఆదివారం ముల్లు చూపినదాంట్లోంచి అదే తీసేసేవాడు. రిటైరైన లెక్కల మాస్టారు. ఒకసారి రాసింది మళ్ళీ చూడడు.

నూట రెండు నుంచి ముల్లు దిగుతూ ఆరో వారానికి తొంభై తొమ్మిదికి వచ్చింది. "ఇరవై ఒకటే! సాధించాడే మావాడు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు కామేశం.

ఆసుపత్రి బల్ల మీద గుండు ఇరవై ఆరు తూగాడు. ఆపరేషన్ వాయిదా పడింది. ఈలోగా రాయి అడ్డుపడితే రెండు రోజులు కూడా బతకడని చెప్పి పంపారు.

ఇంటికొస్తూనే కామేశం నన్ను కాలితో గోడకి తోశాడు. "ముదనష్టపు మిషను! ఇన్నాళ్ళూ అబద్ధాలు చెప్పిందే!"

"పాత సామాను ఇంట్లోకి తేవద్దని నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాన్రా," అంది వాళ్ళమ్మ సుందరమ్మగారు.

అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఆవిడ రోజూ తను తినేముందు కుక్కకని ఒక ముద్ద తీసి పెడుతుంది. ముద్దంటే ఉసిరికాయంత అనుకునేరు. నెయ్యి కారుతూ కొబ్బరికాయంత. ఆవిడ దృష్టిలో అది తిండి కాదు, పుణ్యం. పుణ్యానికి బరువేమిటి?

మర్నాడు హైమ నా మీద ఎక్కింది. అరవై ఒకటి. గుండుని ఎత్తుకుని ఎక్కింది. ఎనభై ఏడు. అంటే ఇరవై ఆరే, ఆసుపత్రిలో చెప్పినంతే. హైమ మేకుకి వేలాడుతున్న మొగుడి బెల్టునీ, దానికి కొత్తగా పడ్డ రెండు చిల్లుల్నీ చూసింది. డాక్టరు చెప్పాడని రెండు పూటలా కుక్కని తిప్పితే, తగ్గింది తిప్పినవాడు! నాకు ప్రాణం లేచొచ్చింది. చదువుకున్న మనిషి, నా తరఫున ఒక్క మాట చెప్పకపోతుందా?

"చూశావుటే మిషన్ని?" అన్నాడు కామేశం భోజనాల దగ్గర.

హైమ అత్తగారి చేతిలోని ముద్దకేసి చూసింది. నిజం చెబితే పెద్దావిడ కంచం ముందునుంచి లేచిపోతుంది. మళ్ళీ కూర్చోబెట్టాలంటే వారం పడుతుంది.

"చూశానండీ. ఎందుకూ పనికిరాదు," అంది. తర్వాత ఏమీ ఎరగనట్టు, "అత్తయ్యా, ఇకనుంచి గుండు ముద్ద నేను కలిపిస్తాను, మీరు పెట్టండి చాలు," అంది.

"అలాగే తల్లీ, ఎవరు కలిపితేనేం."

అందులో కలిపేది డాక్టరు రాసిచ్చిన తిండే, నీళ్ళు పోసి మెత్తగా. నెయ్యి మాత్రం పెద్దావిడ వేళ్ళకి రాసేది, వాసన కోసం.

నేను అటకెక్కాను. మూడు నెలలకి గుండు ఆసుపత్రి బల్ల మీద ఇరవై ఒకటి తూగాడు. రాళ్ళు తీశారు. ఇప్పుడవి ఒక సీసాలో ఉన్నాయి. ఇంటికెవరొచ్చినా కామేశం ఆ సీసా ఆడించి చూపిస్తాడు.

"ఆ దిక్కుమాలిన మిషన్ని నమ్ముకుని ఉంటే మావాడు దక్కేవాడు కాదండీ!"

అటక మీదికి అన్నీ వినిపిస్తాయి. హైమ కాఫీ అందిస్తూ, "నిజమేనండీ, ఒక్కనాడూ సరిగ్గా చూపించి చావలేదు," అంటుంది.