మామ పుణ్యం

నేను ఒక పెన్ డ్రైవ్‌ను. మెట్‌పల్లిలో గాజెంగి విఠల్ గారి పూజగదిలో, దత్తాత్రేయుడి పటం పక్కన, ఇత్తడి గంటకు తోడుగా చాలా ఏళ్ళు ఉన్నాను. అన్నేళ్ళూ ఒకే సందేహం నన్ను వదల్లేదు. నేను ఎవరి సొమ్మును? కొన్నవాడి సొమ్మునా, ఉంచుకున్నవాడి సొమ్మునా? రోజూ పొద్దున నాలోంచి భగవంతుడి వెయ్యి పేర్లు వినిపించేవి. నేను మాత్రం ఎవరి పేరు చెప్పుకోవాలో తెలియక ఉండిపోయాను.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో సముద్రాల అవతల ఒక యంత్రం నన్ను క్షణంలో కని, మూత తొడిగి, అట్టకు అతికించి పంపింది. హైదరాబాదు వెళ్ళిన గంగాధర్ నన్ను కొని తెచ్చుకున్నాడు. ఆయనకు బస్టాండు పక్కన చిన్న డీటీపీ షాపు. తెలుగు టైపు చేసి, కార్డులు, కరపత్రాలు అచ్చు వేయించి ఇచ్చేవాడు. ఆయన చొక్కా జేబులో నా బాల్యం గడిచింది. పెళ్ళి పత్రికలు, శ్రద్ధాంజలి పోస్టర్లు, బోనాల కరపత్రాలు అన్నీ ఒకే రోజు నా కడుపులో చేరేవి. వాటిలో వాటికి ఎన్నడూ తగాదా రాలేదు. చూరు నీళ్ళు పక్కింటి గోడ మీద పడ్డాయని పంచాయితీ పెట్టుకునే మనుషుల్ని చూసినప్పుడల్లా ఆ సర్దుబాటు నాకు గుర్తొస్తుంది.

విఠల్ గారిది రవికె గుడ్డల దుకాణం. ఆయన భార్య చంద్రకళకు మంగళహారతులంటే ప్రాణం. వీధి వీధి తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని, వాళ్ళు పాడే హారతులు విని గుర్తుపెట్టుకునేది. వాటిని రాసి పెట్టుకోవడానికి విఠల్ గారు ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. ఆ రోజుల్లో తెలుగు టైపు చేయాలంటే కంప్యూటర్‌లోకి తెలుగు అక్షరాలను విడిగా తెచ్చి ఎక్కించాలి. ఆ పని మీదే గంగాధర్ నన్ను జేబులో వేసుకుని వాళ్ళింటికి వచ్చాడు. మూత తీసి జేబులో పడేసుకుని, నన్ను కంప్యూటర్‌కు గుచ్చి, నాలోని అక్షరాలను దానికి అందించాడు. చంద్రకళ తెచ్చిన చాయ్ సగం తాగాడో లేదో ఫోన్ మోగింది. షాపులో ఎవరో పెళ్ళివారు కార్డులో ముహూర్తం తప్పు పడిందని గోల పెడుతున్నారట.

"పెన్ డ్రైవ్ ఉండనియ్యన్నా, రేపు తెచ్చియ్యి" అని ఆయన బండెక్కాడు.

నన్ను ఎందుకు ఉంచాడో నాకు తెలుసు. కంప్యూటర్ చెడిపోతే అక్షరాలు మళ్ళీ ఎక్కించుకోవలసి వస్తుందని ఒక ఫోల్డర్ చేసి నాలో పెట్టాడు. దాన్ని వేరే చోట దాచుకుని నన్ను తిరిగివ్వమని చెప్పే తీరిక లేకపోయింది. ఫోల్డర్‌కు అలవాటు కొద్దీ తన పేరే పెట్టుకున్నాడు, 'గంగాధర్' అని.

మర్నాడు వాన. ఆ మర్నాడు షాపుకు సెలవు. మూడో నాడు విఠల్ గారి మేనల్లుడు వచ్చి నాలో ఖాళీ చోటు చూసి విష్ణు సహస్రనామం, మరికొన్ని స్తోత్రాలు ఎక్కించాడు. చిన్న స్పీకరుకు నన్ను గుచ్చితే పూజగది నిండా స్తోత్రం. విఠల్ గారికి కళ్ళు చెమర్చాయి. ఇక నన్ను ఎలా తీసివేస్తాడు? వారం గడిచాక ఇవ్వడానికి మొహమాటం పడ్డాడు. నెల గడిచాక సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత గుడికి వెళ్ళే దారే మార్చుకున్నాడు. బస్టాండు ముందు నుంచి సూటిగా వెళితే గుడి దగ్గరే. ఆయన మాత్రం కూరగాయల గల్లీలోంచి ఊరంతా చుట్టి వెళ్ళేవాడు. ఇంట్లో అపరాధ క్షమాపణ స్తోత్రం నా నోటే వినేవాడు. దేవుడికి నవ్వొచ్చి ఉంటుందా అని నాకు అప్పుడప్పుడు అనిపించేది.

అయితే ఆయనదీ ఒక నియమం. నాలోని 'గంగాధర్' ఫోల్డర్‌ను ఒక్కసారి కూడా తెరవలేదు, తెరవనివ్వలేదు. పరాయివాళ్ళ సొత్తు తాకరాదట. పెన్ డ్రైవ్ ఉంచుకోవచ్చు, లోపలి ఫోల్డర్ తెరవకూడదు! ఈ లెక్క మనుషులకే తెలుస్తుంది.

చంద్రకళ దసరాకు ఆయుధాలతో పాటు నాకూ బొట్టు పెట్టేది. నా తలకున్న రంధ్రానికి పసుపు దారం కట్టింది. హారతులు ఒక్కొక్కటీ టైపు చేసుకుంటూ పోయింది. పాడిన ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వారి పాటలు కంప్యూటర్‌లో మిగిలాయి.

ఆ కంప్యూటర్ ఒక బుధవారం పొద్దున లేవలేదు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు ముక్క ఒకటి నిలబడిపోయింది. సరిగ్గా అదే సమయానికి గుమ్మంలోకి ఆ వీధిలోనే ఉండే బాలమణి వచ్చింది. శుక్రవారం ఆమె బిడ్డకు ఒడిబియ్యం, పెళ్ళైన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఒడిలో పసుపు బియ్యం పోసి అత్తారింటికి పంపే వేడుక.

"వదినా, మా అవ్వ హారతి కాగితం మీద తీసియ్యవా? నాకు పల్లవే యాదికున్నది. నా బిడ్డ ఒడి నింపినంక మా అవ్వ పాటే పాడాలె."

బాలమణి తల్లి ఎల్లవ్వ పోయి మూడేళ్ళు. ఆ పాట ఆవిడ తప్ప ఎవరూ పాడగా వినలేదు. చంద్రకళ నల్ల తెరను చూసింది, బాలమణిని చూసింది. "ఇస్త తియ్యి, శుక్రారం వరకు గదా" అంది.

ఇంట్లో కంప్యూటర్ తెలిసిన మనిషి కోడలు స్రవంతి ఒక్కతే. కాలేజీలో పిల్లలకు అదే పాఠం చెబుతుంది. ఊళ్ళు తిరిగే ఉద్యోగం భర్తది కనుక ఇంటి రిపేర్లన్నీ ఈమె మీదే పడతాయి. ఆమె ఆ పూట సెలవు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"పాటలు పోయినట్టేనానే?"

"పోలేదత్తమ్మా. ఇల్లు మంచిగనే ఉన్నది, తలుపు తాళమే ఖరాబైంది. కిటికీల నుంచి సామాను బయటికి తీసి, అటెన్క కొత్త తలుపు పెడ్త. దానికి ఒక పెన్ డ్రైవ్ గావాలె."

ఇంట్లో ఉన్న పెన్ డ్రైవ్ నేనొక్కదాన్నే. పూజగదిలోంచి నన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"దీన్ల ఉన్నదంతా తుడిచేయాలె మామా. అప్పుడే పనికొస్తది" అంది స్రవంతి.

స్తోత్రాలు పోయినా మళ్ళీ దొరుకుతాయి. ఆ ఫోల్డర్ పోతే? పాటలు ఆ కంప్యూటర్‌లో ఉన్నా, వాటిని చదివించే అక్షరాలు నాలోనే ఉన్నాయని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెబుదామంటే నాకు స్పీకరు కావాలి, స్పీకరులో సహస్రనామమే పలుకుతుంది.

విఠల్ గారు కంగారుపడ్డాడు. "స్తోత్రాలు పోతే పోనియ్యి బిడ్డా. గంగాధర్ ఫోల్డర్ తుడవద్దు. అది మనది గాదు."

స్రవంతి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇన్నేండ్ల సంది పెన్ డ్రైవ్ తిరిగియ్యలే. ఫోల్డర్ తెరవకుంటే పుణ్యమొస్తదా మామా?"

"వచ్చినా రాకున్నా, తుడవద్దు."

"సరే, నా ల్యాప్‌టాప్‌ల దాస్త. ఏం పేరు పెట్టాలె? 'మామ పుణ్యం' అని పెడ్త, బాగుంటది." అన్నట్టే ఆ పేరుతో ఒక చోటు చేసి, ఫోల్డర్‌ను తెరవకుండానే అందులోకి మార్చింది. తర్వాత నన్ను తుడిచింది.

ఖాళీ కావడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. వెయ్యి పేర్లు కన్ను మూసి తెరిచేలోగా వెళ్ళిపోయాయి. ఆ పేర్ల వల్లే నేను పూజగదిలో ఉన్నాను కదా, అవి లేని నేను ఎవరిని అనుకున్నాను. పసుపు దారం మాత్రం అలాగే ఉంది. నామం పోయినా బొట్టు వాసన పోలేదు.

స్రవంతి నాలోకి వేరే చిన్న సిస్టమ్ ఒకటి ఎక్కించి కంప్యూటర్‌కు గుచ్చింది. ఆ ముసలి కంప్యూటర్ నన్ను మొదట లెక్కచేయలేదు. చెడిపోయిన తన దారినే పట్టుకుని మళ్ళీ మళ్ళీ నల్ల తెర చూపింది. ముందు నన్ను అడగమని స్రవంతి దాని సెట్టింగులు మార్చాక దిగివచ్చింది. నా మీద ఆధారపడి లేచి నిలబడింది. లోపల అన్నీ పదిలంగానే ఉన్నాయి. హారతులు, ఫొటోలు, దుకాణం కాగితాలు స్రవంతి తన ఫోనులోకి తీసుకుంది. చంద్రకళ దేవుడికి దండం పెట్టింది. తర్వాత స్రవంతి నన్ను మళ్ళీ తుడిచి, కొత్త విండోస్ నింపి, కంప్యూటర్‌లోని పాతదంతా చెరిపి దాన్ని ఎక్కించింది. ఒక్క పూటలో నాకు రెండు జన్మలు అయ్యాయి.

మధ్యాహ్నానికి తెర మీద కొత్త నీలిరంగు వచ్చింది. ఫోనులోంచి తిరిగి తెచ్చిన ఎల్లవ్వ హారతిని తెరిచారు.

తెలుగు లేదు. డాలరు గుర్తులు, కొక్కేలు, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు. పాట తిట్టులా తయారైంది.

"నా పాటను ఏం జేసినవే?" చంద్రకళ గొంతు లేచింది. "తాళం తీస్తనని ఇల్లే కూలగొట్టినవ్ గదనే!"

"అత్తమ్మా, ఫైలు మంచిగనే ఉన్నది..."

"ఇదా మంచిగున్నది? బాలమణికి దీన్ని పాడుమనాల్నా? ఎల్లవ్వ నా చెయ్యి వట్టుకోని చెప్పింది, పాటను జాగ్రత్త చెయ్యి బిడ్డా అని."

స్రవంతి కళ్ళు నిండాయి. ఆమె నేర్చుకున్న తెలుగు టైపు కొత్తది, కంప్యూటర్‌తోనే వస్తుంది. పాత అక్షరాల సంగతి ఆమె ఎరగదు. ఇంట్లో మిగతావాళ్ళకు అక్షరాలు కంప్యూటర్‌తోనే పుట్టాయని నమ్మకం.

విఠల్ గారు కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరకు వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఇసొంటియి నేను గంగాధర్ షాపుల చూసిన" అన్నాడు మెల్లగా. "పెండ్లి కార్డు తెరిస్తే గిట్లనే పిచ్చి గీతలొచ్చినయి. 'అక్షరాలు ఎక్కియ్యలేదన్నా' అని నవ్విండు."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"అయితే ఆయన్నే అడగాలె" అంది స్రవంతి.

"ఏ మొకం పెట్టుకోని అడుగుతడమ్మా?" అంది చంద్రకళ.

స్రవంతికి ఏదో తట్టింది. "ఆగుండ్రి. ఆయన ఫోల్డర్ మన దగ్గరనే ఉన్నది గదా. మామ పుణ్యం! తెరిచి చూద్దాం."

"అడగకుండ తెరవద్దు" అన్నాడు విఠల్ గారు. చంద్రకళ నెత్తి కొట్టుకుంది. ఆయన ఫోను తీసి గంగాధర్‌కు కలిపాడు. స్రవంతి చటుక్కున స్పీకరు నొక్కింది.

"గంగాధర్, నేను విఠల్‌ను. నీ పెన్ డ్రైవ్ ఒకటి నా దగ్గర... చాన దినాలైంది..."

"ఎరుకే అన్నా. చెప్పు."

"దాంట్ల నీ పేరు మీద ఒక ఫోల్డర్ ఉన్నది. నువ్వు సరేనంటే, ఒక్కసారి తెరుస్తం. హారతి పాట ఆగమైంది."

అవతల పెద్ద నవ్వు. "ఇన్నేండ్ల సంది తెరువనే లేదా? అన్నా! అండ్ల ఉన్నయి మీ అక్షరాలే. కంప్యూటర్ ఖరాబైతే వదినకు తిప్పలైతదని నీకోసమే పెట్టిపోయిన. నీకోసం పెట్టినదాన్ని నీది గాదని దాసినవా?"

విఠల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"లోపలిది మీదే, తెరుసుకోండ్రి" అన్నాడు గంగాధర్. "పైది మాత్రం నాది. పెన్ డ్రైవ్ తెచ్చియ్యి."

ఇన్నేళ్ళ నా సందేహం అంత తేలిగ్గా తీరింది. ఆత్మ ఒకరిది, దేహం ఒకరిది. పెద్దలు పురాణాల్లో చెప్పేది ఇదేనేమో నాకు తెలియదు. నాకు మాత్రం సరిపోయింది.

స్రవంతి ఫోల్డర్ తెరిచి అక్షరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. హారతిని మళ్ళీ తెరిచింది. కొక్కేలు కొమ్ములయ్యాయి, డాలర్లు తలకట్లయ్యాయి.

పసుపద్దిన బియ్యమమ్మ పుట్టినింటివి
పాలపొంగు నవ్వులమ్మ మెట్టినింటివి

చంద్రకళ తెర మీద వేలు పెట్టి చదివింది. చదువుతూ చదువుతూ పాడేసింది. తర్వాత కోడలి తల నిమిరి, "తిన్నవా బిడ్డా పొద్దటి సంది?" అని వంటింట్లోకి వెళ్ళింది. క్షమించమని అడగడం ఆ ఇంట్లో అలాగే ఉంటుంది.

శుక్రవారం ఒడిబియ్యానికి నేనూ వెళ్ళాను, విఠల్ గారి చొక్కా జేబులో. బాలమణి బిడ్డ ఒడిలో పసుపు బియ్యం పడుతున్న చప్పుడు వినిపించింది. హారతి పళ్ళెం తిరుగుతుండగా బాలమణి కాగితం చూసి మొదలుపెట్టింది. రెండో చరణానికి కాగితం అక్కర్లేకపోయింది. మధ్యలో ఒకసారి గొంతు ఆగింది, చంద్రకళ అందుకుంది, పాట తెగలేదు.

సాయంత్రం విఠల్ గారు సూటి దారిన నడిచి బస్టాండు పక్క షాపు మెట్లెక్కాడు. గంగాధర్ జుట్టు నెరిసింది. గోడల నిండా ఫ్లెక్సీలు.

"రా అన్నా. రోజూ కూరగాయల గల్లీ దిక్కు తిరిగి పోతుంటే చూస్తనే ఉన్న. షుగరుకు నడువుమన్నరేమో అనుకున్న."

"షుగరు లేదు, సిగ్గు" అన్నాడు విఠల్ గారు. నన్ను కుడిచేత్తో తీసి, ప్రసాదంలా గంగాధర్ అరచేతిలో పెట్టాడు.

గంగాధర్ నన్ను తిప్పి చూశాడు. పసుపు దారం, నుదుటి మీద బొట్టు. "ఇదేందన్నా! ఒడిబియ్యం పోసి తల్లిగారింటి నుంచి తోలినట్టున్నరు."

"తల్లిగారిల్లు నీదే. వట్టి ఒడితోటి పంపద్దన్నది మా కోడలు. హారతులన్నీ ఉన్నయి, సహస్రనామం ఉన్నది. హారతులు పుస్తకం లెక్క అచ్చెయ్యి."

గంగాధర్ బల్ల సొరుగు లాగాడు. పాత సిరా ముద్రలు, గుండుసూదులు కదిలించి అడుగునుంచి ఏదో తీశాడు. నా మూత. చాయ్ వదిలేసి పరుగెత్తిన నాడు ఆయన జేబులో ఉండిపోయిన మూత. ఇన్నేళ్ళూ పారేయలేదు.

దాన్ని నాకు తొడిగాడు. టక్కున పట్టింది.